రెండంగుళాల అతుకు

గద్వాలలో నా దుకాణం ముందు నుంచి పోయేవాళ్ళు నన్ను పటాలు కట్టేవాడంటారు. అది సగం మాట. చట్రం వడ్లాయన కొయ్యతో చేస్తాడు, అద్దం కర్నూలు నుంచి వస్తుంది, మేకులు ఎవడైనా కొడతాడు. పటంలో బొమ్మకూ చట్రానికీ నడుమ నాలుగు పక్కలా తెల్లగా, వెడల్పుగా ఒక అట్ట ఉంటుంది. దాన్ని కిటికీలాగా కోసి, ఆ కిటికీలోంచి బొమ్మ కనబడేటట్టు పెడతారు. ఆ అట్ట కోసేవాణ్ణి నేను. ఆత్మకూరు నుంచి మానవపాడు దాకా ఆ కోత తెలిసిన మనిషి ఇంకొకడు లేడు. నా అంతట నేను చెప్పుకోకపోతే చెప్పేవాళ్ళు కూడా లేరు, అందుకే చెబుతున్నాను.

కోత అంటే కత్తెర పెట్టి కత్తిరించడం కాదు. కత్తి అట్టలోకి నిలువుగా దిగకూడదు, వాలుగా దిగాలి. అట్లా దిగితే కిటికీ లోపలి అంచున సన్నటి తెల్లటి వాలు ఒకటి నాలుగు పక్కలా మెరుస్తుంది. చూపు ఆ వాలు మీదుగా జారి బొమ్మలోకి పోతుంది. నాలుగు మూలల దగ్గర కోతలు ఒకదాన్నొకటి తాకి ఆగాలి. వెంట్రుకంత ముందే ఆగితే ముక్క ఊడదు, లాగితే చిరుగుతుంది. వెంట్రుకంత దాటితే మూల దగ్గర గీత పడి, ఆ పటం ఉన్నన్నాళ్ళూ కనబడుతుంది. నా కోత మూల దాటదు. ఇరవై రెండేళ్ళలో దాటినవి ఎన్నో నాకు లెక్క తెలుసు. ఏడు.

నేను పుట్టింది మగ్గం ఇంట్లో. మూడో తరగతిలో ఉండగా నాయన బడికి వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. పదహారో ఏట ఎద్దుల బండి చక్రం నా ఎడమ పాదం మీద నుంచి పోయింది. ఆ పాదం ఇక మగ్గం తొక్కడానికి పనికి రాలేదు. బడి మగ్గానికి పోయింది, మగ్గం పాదానికి పోయింది. మా అన్న బాలన్న నేసిన చీరలు పెద్దిళ్ళ ఆడవాళ్ళు కడతారు. నేను రాయచూరులో ఒక సాయిబు దగ్గర మూడేళ్ళు ఉండి, ఈ పని నేర్చుకుని వచ్చి దుకాణం పెడితే, మా వీధిలో నన్ను "కాగితాలు కోసుకునేటోడు" అన్నారు. ఇప్పటికీ అంటారు. అననీ.

సాయిబు నాకు నేర్పింది ముఖ్యంగా రెండు మాటలు. అట్టను ఎప్పుడూ బోర్లా వేసి, వెనక వైపునే గీతలు గీసి, వెనక నుంచే కోయాలి, ముందు వైపు పెన్సిలు తగలకూడదు అనేది ఒకటి. పటం చూసేవాడు అట్టను చూడకూడదు అనేది ఇంకొకటి. చూశాడంటే కోసినవాడు ఎక్కడో తప్పు చేసి ఉంటాడని సాయిబు అనేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులవి. ఓడల్లో వచ్చే సీమ సరుకు ఏదీ రావడం లేదు. మంచి అట్ట కంటితో చూసి రెండేళ్ళయింది. పాత క్యాలెండర్ల వెనక అట్టలకు తెల్ల కాగితం అంటించి ఎట్లాగో నెట్టుకొస్తున్నాను. అప్పుడు, వానలు కాస్త వెనకబట్టిన ఒక ఆదివారం పొద్దున, వెంకట్రాములు దుకాణం మెట్లెక్కాడు.

వెంకట్రాములు, నేను ఒకే తరగతి. మూడో తరగతిలో నన్ను నాయన తీసుకుపోతుంటే వాడు కిటికీలోంచి చూశాడు. తరవాత చదివి చదివి, వనపర్తిలో ఒక బడికి డ్రాయింగు మాస్టరయ్యాడు. అత్తవారిల్లు గద్వాలలోనే, అందుకని అప్పుడప్పుడు కనబడేవాడు. చంకలో ఒక కాగితాల చుట్ట, వెనక కూలివాడి నెత్తి మీద గుడ్డలో చుట్టిన పెద్ద పలకలాంటిదేదో.

"ఏం కురుమూర్తీ, దుకాణం నడుస్తుందా?" అన్నాడు.

"దాని కాళ్ళైన బాగున్నయి, నడుస్తుంది సారూ," అన్నాను. వాణ్ణి నేను సారూ అనే పిలిచేవాణ్ణి. ఆ పిలుపు వాడికి గుచ్చుకుంటుందని నాకు తెలుసు.

వాడు బల్ల మీద కూర్చుని చుట్ట విప్పాడు. మూడు బొమ్మలు. ఖిల్లా ఘణపూర్ కోటను రంగుల్లో గీశాడు. మొదటిదాంట్లో దూరం నుంచి కొండ మొత్తం, ముందు జొన్న చేలు, పైన గోడలు. రెండోదాంట్లో దర్వాజా. మూడోదాంట్లో బండల మధ్య నుంచి పైకి పోయే మెట్లు, ఆ మెట్ల చివర కాస్తంత ఆకాశం. మూడింటి ఎత్తూ ఒకటే, పదకొండంగుళాలు. వెడల్పులు వేరు. కొండ పదిహేను, దర్వాజా ఎనిమిది, మెట్లు ఐదు. బొమ్మలు బాగున్నాయి. ఆ మాట నేను వాడితో అనలేదు.

"మూడూ ఒకే పటంల రావాలె," అన్నాడు. "ఎడమ దిక్కు కొండ. నడుమ దర్వాజ. కుడి దిక్కు మెట్లు. మనిషి ముందల నిలబడి చూస్తుంటె, తనే దూరం నుంచి నడిచొచ్చి, దర్వాజల చొచ్చి, పైకి ఎక్కినట్టుండాలె."

తరవాత కూలివాడు దించిన గుడ్డ విప్పాడు. నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. విలాయతి అట్ట. మూడడుగుల మూడంగుళాల పొడవు, ఎక్కడా మచ్చ లేదు, వంపు లేదు. వేలితో కొడితే కర్రలాగా పలికింది.

"యాడ దొరికింది సారూ?"

"లడాయి రాకముందు మద్రాసుల కొన్న. ఐదేండ్లు పరుపు కింద దాచిన. మా ఇంటామె దీని మీద వడియాలు పెడ్తనంటె నెలరోజులు మాట్లాడలె నేను." నవ్వి, మళ్ళీ గంభీరమయ్యాడు. "వచ్చే శుక్రవారం మా బడిల కొత్త హాలు తెరుస్తున్నరు. హైదరాబాదు నుంచి తనిఖీ చేసే పెద్దసాబు వస్తుండు. కోత హైదరాబాదులనే చేపిద్దామన్నరు అందరు. నేనే అన్న, గద్వాలల మనోడు ఉన్నడని. రెండో అట్ట లేదు కురుమూర్తీ. ఇది ఖరాబైతె నా మొఖం కాదు పోయేది, నీది."

"పోయేంత మొఖం నాకు యాడుంది సారూ," అన్నాను గాని, మనోడు అన్న మాట లోపల ఎక్కడో కూర్చుంది. బాలన్న చీరలను హైదరాబాదులో మెచ్చుకుంటారని మా వీధి అంతా చెప్పుకుంటుంది. హైదరాబాదు వాడు వచ్చి నా కోత ముందు నిలబడేది ఇదే మొదలు. బహుశా ఇదే చివర.

వెంకట్రాములు ముందే పంపిన కొలతతో చట్రం వడ్లాయన భీమన్న చేసి ఉంచాడు, అట్టకు సరిగ్గా. పాత అలమారా తలుపు అద్దం కోసి అందులో బిగించాడు. ఇక నేను కోయడమే తరవాయి. వెంకట్రాములు ఒక కాగితం మీద నమూనా గీసి ఇచ్చాడు. బొమ్మల పైన, కింద ఒకే వెడల్పు వదిలాడు. నేను పెన్సిలు తీసుకుని, పైన మూడంగుళాలు, కింద నాలుగున్నర అని దిద్దాను.

"కింద ఎక్కువెందుకు?"

"గోడకెక్కినంక సమానంగ ఉంటే బొమ్మ కిందికి జారినట్టు కొడ్తది. కింద జర బరువుండాలె. మీ ఇంటామె చీర పెద్దంచు యాడికి వస్తది?"

"కిందికి."

"రేపు పైకి పెట్టి కట్టుకోమను. బజార్ల నలుగురు చూసి చెప్తరు ఎట్లుందో."

వాడు నవ్వి, నీ ఇష్టం అన్నాడు.

సోమవారం పొద్దున ఎండ తలుపులోంచి బల్ల మీద పడే వేళకు పని మొదలుపెట్టాను. నా కత్తి గడియారం స్ప్రింగు ముక్కతో చేసింది, చింతకర్ర పిడి. దాన్ని సానరాయి మీద నూరి, వేలి వెంట్రుకల మీద ఆడించి చూసుకున్నాను. అట్టను బోర్లా వేశాను. వెంకట్రాములు నమూనా పక్కన పెట్టుకున్నాను. ఎడమ నుంచి మొదలుపెట్టి పదిహేను, రెండంగుళాల పట్టీ, ఎనిమిది, మళ్ళీ రెండంగుళాల పట్టీ, ఐదు. అన్నీ గీసి రెండుసార్లు కొలిచాను. తరవాత ఎడమ వైపు పెద్ద కిటికీకి ఇనుప పట్టీ ఆనించి, ఊపిరి పట్టి కత్తి దించాను.

ఆ పని చేస్తున్నప్పుడు నాకు పాదం గుర్తుండదు, బడి గుర్తుండదు. కత్తి ఒకే తీరుగా పోవాలంటే భుజం నుంచి పోవాలి, మణికట్టు కదలకూడదు. మగ్గం మీద దారం కండె పెట్టిన నాడె విసిరేటప్పుడు కూడా అంతే. నాలుగు కోతలూ అయ్యాక వేలితో తడితే ముక్క దానంతట అదే ఊడింది. నాలుగు మూలలూ సూదిమొనల్లాగా ఉన్నాయి. అట్టను వెల్లకిలా తిప్పి గోడకు ఆనించి, వెనక్కి జరిగి చూశాను. ఆ క్షణంలో నా అంత గొప్పవాడు గద్వాలలో లేడు.

నా భార్య దేవమ్మ లోపల మా అన్న మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. చూద్దువు రమ్మని పిలిచాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ముందు మూలలు చూసింది. ఆమెకు ఎక్కడ చూడాలో తెలుసు.

"మంచిగ వచ్చింది," అంది. బల్ల మీది నమూనా చూసి, "సారు గీసింది కొండ మొదలు గదా?" అంది.

"అవ్. ఎడమ దిక్కు."

"మరి ఇది కుడి దిక్కుంది."

నేను చూశాను. పెద్ద కిటికీ కుడి వైపున ఉంది. వెనక వైపు ఎడమన గీసింది, తిప్పితే కుడికి వచ్చింది. చిన్నపిల్లవాడికి కూడా తెలిసే సంగతి. కాని ఇరవై రెండేళ్ళుగా నేను కోసినవన్నీ నడుమ ఒక్క కిటికీ ఉన్నవే, లేదంటే సమానంగా రెండు ఉన్నవే. అవి ఎటు తిప్పినా ఒకటే. వెడల్పులు వేరువేరుగా ఉన్న కిటికీలు ఎప్పుడూ కోయలేదు. గీసేటప్పుడు ఎడమను కుడి చేసి గీయాలని తట్టలేదు. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి ఎడమంచు ఎప్పటికీ ఎడమంచే. వాడు లేచి అవతలి పక్కకు పోయి చూడడు. చిన్నప్పుడు కంట్లో పడ్డ అలవాటు అది.

దేవమ్మ నా మొహం చూసి మెల్లగా అంది, "నీ కాలే బయటికొచ్చింది. నువ్వింకా గుంటలనే కూసున్నవు."

ఆ పూట నేను అన్నం తినలేదు.

మరునాడు మధ్యాహ్నం బండికి వనపర్తి పోబోతూ వెంకట్రాములు దుకాణానికి వచ్చాడు. దాచేదేముంది, గోడకు ఆనించిన అట్టను చూపించాను. వాడు చూసి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పరేషాన్ కాకు," అన్నాడు చివరికి. "పెద్దసాబు ఉర్దూ చదివినాయన. కుడి దిక్కు నుంచే చూస్తడు. కుడికి కొండ, ఎడమకు మెట్లు పెడ్దాం."

"నవ్వులాటకు అంటున్నవా?"

"సగం." లేచి అట్టను రెండు చేతులతో పట్టుకుని, తలకిందులు చేసి మళ్ళీ గోడకు ఆనించాడు. "ఇగో చూడు. అయిపాయె."

నిజమే. తలకిందులు చేసేసరికి పెద్ద కిటికీ ఎడమ వైపుకు వచ్చింది. మిగిలిన రెండూ ఆ లెక్కన కోస్తే బొమ్మల వరస సరిపోతుంది. చట్రంలోనూ సరిగ్గా కూర్చుంటుంది. ఒక్కటే తేడా. కింద ఉండాల్సిన నాలుగున్నర పైకి పోయింది, పైనున్న మూడు కిందికి వచ్చింది.

"పెద్దంచు తలకాయ మీదికొచ్చింది," అన్నాను.

"వస్తె వచ్చింది. టేపు పట్టుకుని ఎవడు కొలుస్తడు?"

"కొలవరు. కొండ చూసేటోడి కాళ్ళ మీద పడ్డట్టుంటది. ఎందుకట్లుందో తెల్వదు గని, బాగలేదంటరు. నీ బొమ్మే బాగలేదనుకుంటరు."

"బొమ్మలు నావి, అట్ట నాది. నాకు లేని బాధ నీకేంది?"

"పటం కింద నీ పేరుంటది సారూ, బడి పేరుంటది. నా పేరు యాడుంటది? ఆ కోతలనే ఉంటది."

వాడు వీధిలోకి చూశాడు. బండి వేళవుతోంది. టోపీ పెట్టుకున్నాడు. "గురువారం పొద్దుగూకేసరికి పటం వనపర్తిల ఉండాలె. ఎట్ల తెస్తవో తే. తలకిందులు చేసి తెచ్చినా నేనేమనను. వట్టి చేతులతోటి మాత్రం రాకు." మెట్లు దిగి, తిరిగి చూసి, "నేనే మాటిచ్చిన అందరికి," అన్నాడు.

వాడు పోయాక, ఊడిన పదిహేనంగుళాల ముక్కను తీసి మళ్ళీ ఆ కిటికీలో పెట్టి చూశాను. వాలు మీద వాలు కూర్చుంది, గిన్నె మీద మూతలాగా. చుట్టూ దారమంత గీత కనబడింది. అంత పొడుగు గీతను దాచడం బ్రహ్మ తరం కూడా కాదు. నా తరమూ కాదనుకున్నాను.

దేవమ్మ వెనక నిలబడి చూస్తోంది. "చుట్టూరా ఎందుకు దాస్తవు?" అంది. "మన చీరల నూలుకు పట్టు కలిపేది యాడ? నడి చీరల కలుపుతమా? అంచు మొదలైన కాడ కలుపుతం. ఆడ ఎట్లన్న గీత ఉంటది గాబట్టి కండ్లు అడగవు. నడుమ పడితేనే అతుకు కనబడ్తది."

మా గద్వాల చీర ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ వేరువేరు దారాలు. కలిసే చోట ఒకదాని మెడలో ఒకటి చిక్కుకుని ముందుకు పోతాయి. ఆ చోటును వెతకాలంటే నేసినవాడే వెతకాలి. ఈ సంగతి నాకు పాలతో పాటు తెలుసు. అయినా ఆమె అనేదాకా తట్టలేదు.

అంచు మొదలైన చోట. అట్టకు అంచు ఎక్కడ? కిటికీ ఎక్కడ మొదలైతే అక్కడ. కుడి వైపున ఇప్పుడు ఏం రావాలి? మెట్లు, ఐదు. పక్కన పట్టీ, రెండు. దాని పక్కన దర్వాజా, ఎనిమిది. ఐదు, రెండు ఏడు. ఏడు, ఎనిమిది పదిహేను. నేను తప్పుగా కోసిన కిటికీ ఎంత? పదిహేను.

మూడో తరగతి లెక్క. ఆ లెక్క కోసం పై చదువు అక్కర లేకపోయింది. మూడు బొమ్మల ఎత్తూ ఒకటే గనక, నేను కోసిన పై అంచు, కింది అంచు ఉండాల్సిన చోటే ఉన్నాయి. రెండు కొసలూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. లేనిదల్లా ఆ రెండు కిటికీల నడుమ నిలువుగా నిలబడాల్సిన రెండంగుళాల పట్టీ. ఆ పట్టీ ఒక్కటి పెడితే పెద్ద కిటికీ రెండు కిటికీలవుతుంది. అతుకు పడేది పట్టీ తలకాయ దగ్గర రెండంగుళాలు, కాళ్ళ దగ్గర రెండంగుళాలు, అంతే. పెద్దంచు కిందనే ఉంటుంది.

"దేవమ్మా, గంజి ఉందా?" అన్నాను.

"పొద్దున కాచిందే ఉంది. ముందు అన్నం తిను."

తిన్నాను.

ఊడిన ముక్కను బోర్లా వేసి, పట్టీ సరిగ్గా ఎక్కడ నిలబడాలో అక్కడే గీశాను. అదే చోటి ముక్క అయితేనే అట్ట నునుపు ఆ పక్కా ఈ పక్కా కలుస్తుంది. ఈసారి ఎడమేదో కుడేదో పెద్దగా చదువుకుంటూ గీశాను. రెండు నిలువు పక్కలనూ వాలు కిటికీల వైపుకు పడేటట్టు కోశాను. తలా, కాళ్ళూ ముట్టుకోలేదు. అవి మొదటి కోతకు పడ్డ వాలులు, వాటిని ఇంకోసారి అట్లా కోయడం ఎవరివల్లా కాదు. మైదా బంక అయితే ఉబ్బుతుంది, అందుకని పడుగుకు పట్టించే పలచటి గంజినే గుడ్డలో వడగట్టి, కోడి ఈకతో వాలు మీద ఒక్కసారి పూశాను. పట్టీని ముందు నుంచి దించాను. కూర్చుంది. వెనక వైపు దేవమ్మ ఇచ్చిన సన్నటి నూలు గుడ్డ ముక్క అంటించి, పైన పలక, పలక మీద సన్నెకల్లు పెట్టాం.

బుధవారం పొద్దున రాయి దించి, అతుకు మీద కాగితం వేసి, గవ్వ వీపుతో రుద్దాను. ఎంతసేపు రుద్దానో తెలియదు. తరవాత దేవమ్మను పిలిచి కళ్ళు మూసుకోమన్నాను. మా ఇళ్ళలో చీర అతుకు చూసేది కంటితో కాదు, గోటితో. ఆమె కళ్ళు మూసుకుని, చూపుడువేలి గోటిని పట్టీ మీద పై నుంచి కిందికి జార్చింది. పై అతుకు దాటిపోయింది, ఆగలేదు. కిందికి వచ్చేసరికి గోరు ఒక చోట నిలబడింది.

"ఈడ," అంది కళ్ళు మూసుకునే. తరవాత తెరిచి, నా మొహం చూసి, "అద్దం వెనకకు గోరు పోదు గదా, ఉండనియ్యి," అంది.

"పోదు. గని నాకు తెలుసు గదా."

మళ్ళీ గవ్వ తీసుకున్నాను. రెండోసారి కూడా ఆగింది, అక్కడే. మూడోసారి ఆమె గోరు పై నుంచి కింది దాకా పోయి, కిందంచు దాటి, బల్ల మీదికి వచ్చింది. ఆమె కళ్ళు తెరిచి చూసుకుని, తన వేలినే నమ్మనట్టు ఇంకోసారి జార్చింది. "ఇది మీ అన్నకు చూపియ్యాలె," అంది. నేను చూపించలేదు. చూపిస్తే ఏమంటాడు, కాగితమే గదా అంటాడు.

ఆ మధ్యాహ్నం కొండ కిటికీ కోశాను. అట్టను బోర్లా వేసి, ఈసారి కుడి వైపున. కత్తి దించే ముందు దేవమ్మను అవతలి పక్కన నిలబెట్టి, "నీకు ఏ దిక్కుంది?" అని అడిగాను. "నన్నడగకు, కొయ్యి," అంది. నాలుగు మూలలూ కలిశాయి. మూడు బొమ్మలనూ వెనక నుంచి కిటికీలకు సరిపెట్టి, పై అంచున మాత్రం అంటించి, చట్రంలో బిగించాను.

గురువారం భీమన్న, నేను పటాన్ని దుప్పట్లో చుట్టి రైలెక్కాం. వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి అక్కడి నుంచి బండి. గతుకుల్లో పటాన్ని భీమన్న ఒడిలో పెట్టుకున్నాడు. "నా చట్రానికేం కాదు గని, నీ అట్టే అల్లాడుతున్నట్టుంది," అని దారంతా నన్ను వేధించాడు. భీమన్నకు సంగతి తెలుసు.

హాలులో తోరణాలు కడుతున్నారు. వెంకట్రాములు ఒక నిచ్చెన మీద ఉన్నాడు. పటం చూసి కిందికి దిగి, దుప్పటి తీసి, ముందు పైన చూశాడు, తరవాత కింద చూశాడు. పెద్దంచు కింద ఉంది. కొండ ఎడమన ఉంది.

"ఇంకో అట్ట యాడ దొరికింది?" అన్నాడు.

"దొరకలె. అదే."

"నాతోటి మజాక్ చెయ్యకు. కర్నూలు పోయినవా?"

"అదే అట్ట సారూ," అన్నాను. వాడు నమ్మలేదు. పనులున్నాయి గనక ఊరుకున్నాడు.

శుక్రవారం పది గంటలకు పెద్దసాబు వచ్చాడు. నేను తలుపు పక్కన, చెప్పులు విడిచే చోట నిలబడ్డాను. నన్ను ఎవరూ లోపలికి రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. పటం కింద చిన్న కార్డు ఒకటి పెట్టారు. డ్రాయింగు మాస్టరు పేరు, బడి పేరు. మూడో తరగతి చదువుతో అంత మాత్రం చదవగలను. రెండుసార్లు చదివాను. ఇంకేమీ లేదు.

ఉపన్యాసాలయ్యాక పెద్దసాబు గోడల వెంట చూసుకుంటూ వచ్చాడు. మ్యాపుల ముందు ఆగలేదు. పిల్లల అల్లికల ముందు తల ఊపాడు. మా పటం ముందు నిలబడ్డాడు. నేను బొమ్మలను కాదు, అట్టనూ కాదు, ఆయన కాళ్ళను చూస్తున్నాను. ఎడమ చివర, కొండ ముందు నిలబడ్డాయి. చాలాసేపు నిలబడి, ఒక అడుగు కుడికి వేశాయి. దర్వాజా. ఇంకో అడుగు. మెట్లు. అక్కడ ఆయన తల మెల్లగా పైకి లేచింది, మెట్ల వెంట, ఆకాశం దాకా. చూపు ఎక్కడా తట్టుకోలేదు. పట్టీ మీదుగా పోయేటప్పుడు కూడా తట్టుకోలేదు.

"పైదాకా ఎక్కారా?" అని వెంకట్రాములును ఉర్దూలో అడిగాడు.

"నాలుగుసార్లు, హుజూర్," అన్నాడు వాడు.

పెద్దసాబు వాడి భుజం తట్టి ముందుకు పోయాడు. అట్ట సంగతి ఎత్తలేదు. బాగుందని అనలేదు, ఎవరు కోశారని అడగలేదు. సాయిబు ఉంటే శభాష్ అని నా వీపు మీద ఒకటి చరిచేవాడు.

అందరూ ఫలహారాలకు పోయాక హాలు ఖాళీ అయింది. నేను చెప్పులు వేసుకుంటూ చూస్తే, వెంకట్రాములు పటం ముందు వంగి ఉన్నాడు. కళ్ళద్దాలు ఒకసారి పెట్టుకుంటున్నాడు, ఒకసారి తీస్తున్నాడు. ముక్కు అద్దానికి ఆనించి, మూలమూలా వెతుకుతున్నాడు. నా అడుగు విని, తిరగకుండానే అన్నాడు:

"కురుమూర్తీ, భీమన్న అంతా చెప్పిండు. అదే అట్టనట గదరా."

రా అన్నాడు. మూడో తరగతి తరవాత మళ్ళీ ఇప్పుడే.

"అవ్."

"అతుకు యాడుందిరా?"

వేలు పెట్టి చూపిస్తే ఒక్క నిమిషం పని. నా జన్మలో ఎవడూ నన్ను అట్లా అడగలేదు. చెప్పాలనే ఉండింది. నోటిదాకా వచ్చింది కూడా.

"అట్టను ఏం చూస్తున్నవ్‌రా వెంకట్రాములూ," అన్నాను. "బొమ్మలు చూడు. మంచిగ గీసినవ్."

వాడు తిరిగి నన్ను చూశాడు. ఆ మాట వాడికి ఎంత పనిచేసిందో నాకు తెలియదు. మళ్ళీ పటం వైపు తిరిగి, ఈసారి రెండడుగులు వెనక్కి జరిగి, ఎడమ చివర నుంచి చూడటం మొదలుపెట్టాడు. నేను బయటికి వచ్చాను. భీమన్న రెండు లడ్డూలు విస్తరాకులో కట్టించి ఉంచాడు, ఒకటి దేవమ్మకు.

ఇంటికి పోయాక దేవమ్మ లడ్డూ తింటూ లెక్క తెచ్చింది. ఇరవై రెండేళ్ళలో నీ తప్పులు ఏడంటవు గదా, ఇప్పటితో ఎనిమిది, అంది. నేను ఒప్పుకోలేదు. ఈ కోత మూల దాటలేదు. ఏ మూలా దాటలేదు. కావాలంటే వనపర్తికి పోయి చూసుకోవచ్చు.